గద్దకొండ మీద సింగిల్ లైను

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో క్రేను అప్పలకొండ అంటే తెలియనివాళ్ళు లేరు. షెడ్డు కప్పుకి ఆనుకుని ఈ గోడనుంచి ఆ గోడదాకా నడిచే పెద్ద క్రేను అతనిది. ఇంజను బాయిలరుని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, కింద మనుషుల నెత్తిమీదుగా తీసుకెళ్ళి, చెప్పినచోట చప్పుడు కాకుండా దించేవాడు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే అందరూ చెట్లకిందికి పోయి కేరేజీలు విప్పుకుంటే, అతను మాత్రం పైన ఆ ఇనప గూట్లోనే కూర్చుని తినేవాడు. అంత ఎత్తున ముద్ద మింగుడుపడేవాడికి భయమన్నది ఉండదని షాపంతా తీర్మానించేసింది.

నిజానికి అతను పైన తినేది నిచ్చెనకి భయపడి. పొద్దున కళ్ళు మూసుకుని ఎక్కుతాడు, సాయంత్రం కళ్ళు మూసుకుని దిగుతాడు. మధ్యలో ఇంకోసారి దిగి ఎక్కడం అతనివల్ల కాదు. గూట్లోకి వెళ్ళి హ్యాండిలు మీద చెయ్యి పడ్డాక మాత్రం ఎంత ఎత్తయినా అతనికి నేలతో సమానమే. ఈ సంగతి భార్య సింహాచలమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా ఎవరికీ చెప్పలేదు, పెనిమిటి పరువని.

అరవైరెండులో, చలికాలంలో ఒక సాయంత్రం, నిమ్‌పురా క్వార్టర్లలో పక్కింటి గణపతిరావు వచ్చి గుమ్మంలో కూర్చుని కొండెక్కుదాం అన్నాడు. గణపతిరావు గూడ్సు గార్డు. ఘాట్‌శిల దాటాక ఒక చిన్న స్టేషనులో అతని బండిని ఎప్పుడూ పక్కలైనులో, అదే లూపులో, పెట్టేవారు. మెయిళ్ళూ ప్యాసింజర్లూ దర్జాగా పోతుంటే, అతను బ్రేకు వ్యానులో కూర్చుని ఎదురుగా ఉన్న కొండని చూసేవాడు. అక్కడివాళ్ళు దాన్ని చీల్ డుంగ్రి అంటారు. మనవాళ్ళు గద్దకొండ అన్నారు. శిఖరం దగ్గర ఒక బండచరియ గద్దముక్కులా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఒక్కసారైనా దానిమీద నిలబడి, కింద లూపులో పడి ఉన్న గూడ్సుబండిని పైనుంచి చూడాలని గణపతిరావు కోరిక. ఇరవై ఏళ్ళుగా ఆ కోరికని మోస్తున్నాడు పాపం.

"పేరులోనే కొండున్నోడివి. నువ్వు ముందు నడిత్తే మేం ఎనకాల వొచ్చేత్తాం" అన్నాడు.

అప్పలకొండకి కాదనడానికి ఒక్క కారణమూ తట్టలేదు. లోపల సింహాచలమ్మ గిన్నెలు గట్టిగా చప్పుడు చేసి హెచ్చరించింది గానీ అప్పటికే తల ఊపేశాడు.

మూడోవాడు బాయిలర్ షాపు ఎర్రయ్య. రివిట్లు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఎక్కడికని అడగకుండా ఎక్కడికైనా వచ్చేవాడు. ఆదివారం తెల్లారకుండానే ముగ్గురూ ప్యాసింజరెక్కారు. సింహాచలమ్మ కట్టిన పులిహోర కేరేజీ ఎర్రయ్య చేతికిచ్చారు.

కొండ దూరంనుంచి చూసినంత మర్యాదస్తురాలు కాదు. మొదట సాలవనం, ఎండాకులమీద కాలు వేస్తే జర్రున జారడం. తరవాత గులకరాళ్ళు, రెండడుగులు ఎక్కితే ఒకడుగు వెనక్కి లాగేవి. ఆపైన ముళ్ళకంపలు, మోకాలెత్తు బండలు. చలికాలమైనా చొక్కాలు వీపుకి అతుక్కుపోయాయి. గణపతిరావు ప్రతి మలుపులోనూ ఆగి, వెనక్కి చూసి, ఎర్రయ్య వస్తున్నాడని రూఢి చేసుకుని, "రైట్" అనేవాడు. అప్పుడే అప్పలకొండ కదలాలి. అక్కడిదాకా అప్పలకొండ బాగానే ఉన్నాడు. ముఖం కొండవైపు పెట్టుకుని, వెనక ఏముందో చూడకుండా ఎక్కేస్తున్నాడు.

శిఖరానికి ఇంక కాస్త దూరం ఉందనగా అడవి అయిపోయింది. కుడివైపు నిట్టనిలువు రాయి. ఎడమవైపు గాలి. మధ్యలో ఒక అంచు, వీధరుగంత వెడల్పు. మనిషి మామూలుగా నడవచ్చు, ఇద్దరు ఎదురైతే పక్కకి తిరిగి తప్పుకోవచ్చు. కింద సాలచెట్ల తలలు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. అప్పలకొండ ఆ కొత్తిమీరని ఒక్కసారే చూశాడు. ఆ తరవాత కుడి అరచెయ్యి రాతికి అంటించి, కళ్ళు సగం మూసి, కాళ్ళు ఈడుస్తూ పోయాడు. పట్టుకోవడానికి హ్యాండిలు లేని చెయ్యి ఊరికే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

సరిగ్గా సగం దారిలో ఒక మనిషి ఎదురుపడింది.

జరీఅంచు చీర, ఊలు స్వెట్టరు, నుదుట పెద్ద బొట్టు. ఆవిడా అటునుంచి రాతికి చెయ్యి అంటించే వచ్చింది. ఆవిడ భుజం మీదుగా కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముఖం కనిపించి, ఏమిటాగారని అడిగింది. ఆయన ఖరగ్‌పూర్‌లోనే ట్రాఫిక్ సెటిల్మెంటు కాలనీలో ఉండే రామమూర్తి, రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. బళ్ళు నడిపే రూల్స్ పుస్తకానికి సవరణలు వచ్చినప్పుడల్లా చీటీలు అంటించడం ఆయన పని. ఆవిడ ఆయన భార్య శ్యామలాంబ. అదే బండిలో వేరే పెట్టెలో వచ్చి, కొండ వెనకవైపున్న బండిబాట మీదుగా సులువుగా ఎక్కేశారు. దిగేటప్పుడు అందమైన వైపునుంచి దిగాలని రామమూర్తి పట్టుబట్టి, జాగ్రత్తగా కనిపెట్టి చూస్తుంటానని భార్యని ముందు నడిపించాడు.

ఇద్దరిలో ఎవరో ఒకరు పక్కకి తిరిగితే అయిపోయేది. కానీ గణపతిరావు అప్పలకొండ భుజం మీదుగా తలపెట్టి, తమ బండి ముందుగా సెక్షన్లోకి వచ్చింది కనక ఎదుటివాళ్ళు వెనక్కి తగ్గాలని మర్యాదగానే చెప్పాడు. రామమూర్తి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎదటివాడు రైల్వే మనిషని తెలిసి ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇది సింగిల్ లైనేనని ముందు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది అదొక్కటే. పైకెక్కేది అప్ బండి, ముందు దారి దానిదే అని గణపతిరావు. ఎక్కడానికీ అప్‌కీ ఏ సంబంధమూ లేదని, హెడ్డాఫీసు ఎటుందో చూసి అప్పూ డౌనూ తేల్చాలని రామమూర్తి. హెడ్డాఫీసు కలకత్తాలో ఉంది కనక, ఈ అంచుమీదనుంచి కలకత్తా ఎటు అన్న ప్రశ్న పుట్టింది. సూర్యుణ్ణి చూసి చెరోవైపు చూపించారు. పాపం ఇద్దరూ గట్టిగానే చూపించారు.

"మాలో ఒక స్త్రీ ఉంది. అంచేత మాది ప్యాసింజరు. మీరు మూటలూ కేరేజీలూ మోస్తున్నారు, మీది గూడ్సు. గూడ్సు ఆగాలి" అన్నాడు చివరికి రామమూర్తి.

గణపతిరావు ముఖం మాడిపోయింది. వెనక్కి తిరిగి ఎర్రయ్యకేసి చూశాడు. ఇక తగ్గిపోతాడని అనిపించింది. అతను తగ్గితే అప్పలకొండ వెనక్కి తిరగాలి. తిరగాలంటే ఆ కొత్తిమీరని చూడాలి. అప్పలకొండ తల తిప్పకుండానే, మెల్లగా, "గణపతీ, కొండమీద కూడా మనల్ని లూపులోనే పెడతన్నార్రా" అన్నాడు.

అంతే. గణపతిరావు ఇరవై ఏళ్ళ లూపులన్నీ బయటికి తీశాడు. వర్షంలో ఆగిన లూపులు, దీపావళినాడు ఆగిన లూపులు, మామగారు పోయారని కబురొచ్చిన రోజు ఆగిన లూపు. రామమూర్తి మెత్తని మనిషి. ఆ మామగారి దగ్గర ఆయన గొంతు తగ్గింది. సరేలెండి, పోనీ మేమే దారిస్తాం అనబోయాడు. అప్పుడు శ్యామలాంబ రాతివైపే చూస్తూ, "మీరు తగ్గడానికి నాకేం అభ్యంతరం లేదండీ. రేపు ఆఫీసులో ఎలా తలెత్తుకుంటారా అని" అంది. రామమూర్తి మళ్ళీ తలెత్తుకుని రూలు మొదలుపెట్టాడు.

ఇలా పొద్దెక్కి, నడినెత్తికి వచ్చి, వాలింది. ఎటు చల్లబడినా ఒకరు ఆజ్యం పోస్తున్నారు. గణపతిరావు అలిసిపోయినప్పుడు అప్పలకొండ, రామమూర్తి అలిసిపోయినప్పుడు శ్యామలాంబ. అన్నిటికన్నా వెనక ఎర్రయ్య రాతికి వీపు ఆనించి కూర్చుని, కాళ్ళు గాల్లోకి చాపి, కేరేజీ విప్పుకున్నాడు.

మూడోసారో నాలుగోసారో శ్యామలాంబ ఆజ్యం పోస్తుండగా అప్పలకొండ ఆవిడ చేతివైపు చూశాడు. రాతి పగుల్లో దూర్చిన వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఆవిడా అదే సమయానికి అతని మోకాళ్ళు చూసింది. పంచె గాలికి ఊగడం లేదు, మోకాళ్ళకి ఊగుతోంది.

"మీరు మాత్రం వెనక్కి వెళ్ళకండి బాబూ" అంది పెదవులు కదపకుండా. "మీరు వెళ్తే నేను ముందుకు నడవాలి."

"నానెక్కడికీ కదల్నేనమ్మగోరూ. అందికే ఆడికి మంటెడతన్నాను."

శ్యామలాంబ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనూ అదే చేస్తున్నాను" అంది. తిరుపతి కొండ నడిచి ఎక్కానని కాలనీలో ఆడవాళ్ళందరికీ చెప్పుకున్నానని, అక్కడ రెండుపక్కలా చెట్లున్నాయని, ఇలా ఒకపక్క ఏమీ లేకపోవడం ఎరగనని చెప్పింది. అప్పలకొండ తన నిచ్చెన సంగతి చెప్పాడు. పదిహేనేళ్ళలో పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పని మాట, పేరైనా తెలియని ఆవిడకి, తలల మీద రూల్స్ పోట్లాడుకుంటుండగా చెప్పేశాడు. చెప్పాక మోకాళ్ళు కాస్త నెమ్మదించాయి.

అప్పుడు కిందినుంచి మేకలు వచ్చాయి. వెనకాల కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ. ఎర్రయ్య కాళ్ళు ముడుచుకుని దారిచ్చి, ఆవిడ దోసిట్లో పులిహోర పెట్టాడు. మేకలు అంచుచివరనే టకటకా నడుచుకుంటూ అందర్నీ దాటిపోతున్నాయి. పశువులు లైను మీదకొస్తే అది బండి కింద లెక్కకాదని గణపతిరావూ రామమూర్తీ ఏకకంఠంతో అన్నారు. రోజంతటికీ వాళ్ళకి కుదిరిన రెండో మాట అది.

ముసలమ్మ ఆ నలుగుర్నీ చూసింది. కాళ్ళూ చేతులూ చూసి ఎవరు ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది. అప్పలకొండ దగ్గరా శ్యామలాంబ దగ్గరా ఆగి, నములుతూనే, "బోషే బోషే చలో. ఛాగోలేర్ పిఛోన్ పిఛోన్" అంది. కూర్చుని కూర్చుని మేకల వెనకే రండి అని.

అప్పలకొండ ఆ బెంగాలీ అర్థం చేసుకుని శ్యామలాంబకేసి చూశాడు. ఆవిడ అప్పటికే మోకాళ్ళ మీదికి దిగి వెనక్కి తిరుగుతోంది. నేలకి రెండు చేతులూ తగిలాక నిలబడ్డప్పటి భయం సగమే మిగులుతుందని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. ముందు ఒక నల్లమేక, వెనక జరీచీర, ఆ వెనక పంచె, మళ్ళీ రెండు పిల్లమేకలు. రామమూర్తి రాతికి వీపు ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి, కళ్ళు మూసుకుని ఒక పెద్ద రూలు అప్పజెబుతున్నాడు. భార్య ఆయన కాళ్ళ మధ్యనుంచే పోయింది. అప్పలకొండ భుజం ఆయన పిక్కకి తగిలితే, రూలు ఆపకుండానే "హుష్" అని అదిలించాడు. గణపతిరావు కూడా కళ్ళు మూసుకుని ఆ రూలుకి ఎదురు రూలు వెతుక్కుంటున్నాడు.

అంచు దాటాక బండచరియ వచ్చింది. వెడల్పాటి బల్లపరుపు రాయి. ముసలమ్మ కర్ర పక్కన పెట్టి చేతులు నాకుతూ కూర్చుంది. ఇంతదూరం వచ్చి చూడకపోతే ఎలా అంది శ్యామలాంబ. ఇద్దరూ బోర్లా పడుకుని, పొట్టలమీద పాక్కుంటూ, చివరకి బారెడు దూరందాకా వెళ్ళి గడ్డాలు రాతికి ఆనించారు.

సువర్ణరేఖ మొత్తం కనిపించింది. నీళ్ళు తక్కువ, ఇసక ఎక్కువ, రెండూ ఎండకి ఒకటే రంగు. అటువైపు నీలం కొండలు. కింద స్టేషను అగ్గిపెట్టెంత. లూపులో గూడ్సుబండి ఒకటి నిలబడి ఉంది, దాని పక్కనుంచి ప్యాసింజరు పొగ వదులుకుంటూ పోయింది. పైనుంచి రెండూ గొంగళిపురుగుల్లానే ఉన్నాయి. గణపతిరావు చూడాలనుకున్నది ఇదేనని అప్పలకొండకి గుర్తొచ్చి, జాలేసింది. శ్యామలాంబ చెంగు ముడి విప్పి వక్కపొడి పెట్టింది. ఇద్దరూ నములుతూ, దేనికో తెలియకుండా, కడుపునొప్పి పుట్టేదాకా నవ్వారు.

బండిబాట మీదుగా దిగి, స్టేషనులో టీ తాగి, చీకటి పడబోతుండగా బెంచీమీద కూర్చుంటే మిగతావాళ్ళు వచ్చారు. మేకలన్నీ పోయాక కళ్ళు తెరిచి చూస్తే మధ్యలో ఇద్దరు లేరట. వెనక ఎర్రయ్య కేరేజీ ఖాళీ అయిందని లేచి దిగిపోయాడట. ఇంజను ముందుకిపోయింది, పెట్టె వెనక్కిపోయింది, గార్డొక్కడే సెక్షన్లో మిగిలాడు. అప్పుడు గణపతిరావు పెద్దమనసు చేసుకుని వెనక్కి తగ్గి కిందికి దిగిపోయాడు. సరిగ్గా అదే క్షణంలో రామమూర్తి కూడా పెద్దమనసు చేసుకుని వెనక్కి తగ్గి పైకెళ్ళి బండిబాట పట్టాడు. రోజంతా పోట్లాడుకున్న ఆ అంచుని చివరికి ఇద్దరూ వదిలేశారు. గణపతిరావు బండచరియని ఈసారీ చూడలేదు. అయినా అతని ముఖంలో దిగులు లేదు. గూడ్సుబండి తరఫున అంతసేపు మాట్లాడితే విన్న ఆఫీసు మనిషి అతనికి అంతకుముందు తగల్లేదు.

రైల్లో ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చుని, కలకత్తా ఎటో తేల్చడానికి వచ్చే ఆదివారం దిక్సూచి పట్టుకుని మళ్ళీ వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. శ్యామలాంబ వెంటనే, ఆ రోజు ఇంట్లో నోము ఉందంది. అప్పలకొండ తనకి ఓవర్‌టైం ఉందన్నాడు.

ఎదర కిటికీ పక్కన కూర్చున్న ఎర్రయ్య చాలాసేపటినుంచి ఏదో ఆలోచిస్తున్నాడు. చివరికి అప్పలకొండ మోకాలు తట్టి, "ఇంతకీ ఆ అంచుమీద ఎందుకాగినాం?" అని అడిగాడు.

ఎర్రయ్యకి ఏదైనా చెప్పాలంటే అరవాలి. అప్పలకొండ పెట్టెలో జనాన్ని చూశాడు, శ్యామలాంబకేసి చూశాడు. ఆవిడ చెప్పమన్నట్టు తల ఆడించింది. అతను ఎర్రయ్య చెవిదగ్గర నోరు పెట్టి, "నాకు బయమేసినాదిరా. కాళ్ళాడలేదు" అని అరిచాడు. పెట్టె పెట్టంతా ఇటు తిరిగింది. గణపతిరావూ రామమూర్తీ మాత్రం కలకత్తాలోనే ఉన్నారు.

ఎర్రయ్య విసుక్కున్నాడు. "నీ కాళ్ళు ఎనకనించి కనబడనేదేటి? అది నాకు తెల్సు. ఆ ఇద్దరూ ఎందుకాగినారని అడుగుతన్నాను."

అప్పలకొండ ఆ ఇద్దరికేసీ చూశాడు. అంచు, మేకలు, గద్దముక్కు అన్నీ వివరించాలంటే ఖరగ్‌పూర్ దాకా అరవాలి. ఆళ్ళకి బాగుంది కాబట్టి అని మాత్రం చెప్పాడు. ఎర్రయ్య అది సబబేనని తల ఊపి, కిటికీ తలుపు దించి, నిద్రపోయాడు.