ఎందుకని మాత్రం అడగొద్దు

మన కోర్టుల్లో జ్యూరీ లేదు, జడ్జి ఒక్కడే. ఆయనా మనిషే కదా. కన్నీళ్ళు కనబడితే కరుగుతాడు, కనబడకపోతే అనుమానిస్తాడు. ఈ ఒక్క ముక్క అమ్ముకుని బతుకుతున్నాను నేను. పేరు ప్రిన్సీ, చదివింది సైకాలజీ. కోలారులో లాయర్ మూర్తిగారికి సాక్షుల మనసులు చదివి పెట్టడం నా పని.

శ్రీనివాసపురం మామిడి వ్యాపారి భరత్, తోటలో మాటామాటా పెరిగి, మునిశంకర్ అనే పనివాణ్ణి జీపుతో గుద్ది చంపాడు. భరత్ మా క్లయింటు. కళ్ళారా చూసింది ఒక్కతే, కొడుకుతోపాటు ఆ తోటకి కూలికొచ్చిన చచ్చినవాడి తల్లి సొన్నమ్మ.

సొన్నమ్మ యూట్యూబ్ చానల్లో మాట్లాడిన వీడియోని టమోటా మండీలో పదిమందికి చూపించాను. ఎనిమిది మందిది ఒకే మాట. "కన్నతల్లి ఇట్ల రాయి మాదిరి ఉంటాదా? అబద్ధం చెప్తా ఉండాది."

వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా ఇల్లూ సొన్నమ్మ ఇల్లూ ఒకే గని కూలీల లైన్లో ఉన్నాయి. గని నడిచిన రోజుల్లో ప్రమాదం సైరన్ మోగితే ఆడవాళ్ళంతా మనుషులు గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ఒక్కరూ ఏడ్చేవాళ్ళు కాదు. మనిషి పైకి రాకముందే ఏడిస్తే ఇక రాడని భయం. మా అవ్వ సెలీన్ అలా రెండు రోజులు నిలబడింది. కొడుకు పోయిన రోజు సొన్నమ్మ మా అమ్మతో అంది: "కేసు తేలేదాకా వాడు గని లోపలుండే లెక్కే. నేను ఏడవను."

మూర్తిగారికి ప్రశ్నలు రాసిచ్చాను. చివర గీత గీసి మరీ రాశాను, ఎందుకని మాత్రం అడగొద్దు సార్ అని.

"కొడుకు చచ్చినప్పుడు ఏడ్చినావా?"

"లేదు సామీ."

"పూడ్చినప్పుడు?"

"లేదు."

"ఇప్పుడైనా?"

"ఏడవను."

జడ్జి తలెత్తి చూసి ఏదో రాసుకున్నాడు. ప్రభుత్వ లాయరుది బెంగళూరు, గనుల సంగతి తెలియదు. ఎందుకని అడగాలని ఆయనకు తట్టలేదు. నేను లోలోపల సంబరపడ్డాను, అబద్ధమెందుకు చెప్పాలి?

నెల తర్వాత తీర్పు వచ్చింది. సాక్షి ప్రవర్తన అసహజంగా ఉందని ఇంగ్లీషులో చదివి జడ్జి భరత్‌ని వదిలేశాడు.

వరండాలో సొన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. అంత జనంలో తెలిసిన మొహం నాదొక్కటే.

"సెలీనక్క మనవరాలివి కదమ్మా నువ్వు? ఆయప్ప ఇంగ్లీషులో చదివినాడు, నాకేం తెలీలేదు. మావాడి కేసు తేలినట్టేనా?"

"తేలింది అవ్వా."

"ఇంగ ఏడ్చొచ్చునా?"

"ఏడువు అవ్వా," అన్నాను. భరత్ గెలిచాడని చెప్పడానికి నోరు రాలేదు.

సొన్నమ్మ అక్కడే నేలమీద కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. కోర్టు ఆవరణంతా తిరిగి చూసింది.

మూర్తిగారు నా పక్కన ఆగి నవ్వారు. "ఇదే ఏడుపు బోనులో ఏడ్చుంటే మనం ఓడిపోయేవాళ్ళం, తెలుసా?"

తెలుసు. అందరికంటే ముందు నాకే తెలుసు.