ఒకామె వచ్చింది

చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే మా బుష్రా వచ్చి నా కొంగు పట్టుకుంది. "నానీ, ఫోనియ్యి. అమ్మీతో మాట్లాడల్ల" అంది.

దాని అమ్మీ, నా కూతురు తస్లీమా, నా ఎదురుగానే కూర్చుని అవే చిక్కుడుకాయలు తుంచుతోంది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి వారం దాటింది.

ఫోనిచ్చాను. పిల్ల లోపలి గదిలోకి పోయి తలుపు చేరేసుకుంది. తస్లీమా ఒళ్లో ఫోను మోగింది, వీడియో కాల్. అది నా వైపు చూసి, లేచి వరండాలోకి పోయింది. అక్కడ గోడకు ఆనుకుని, ఫోను తన ముఖానికెదురుగా పెట్టుకుంది.

"అమ్మీ, మా ఇంటికి ఒకామె వచ్చింది."

"ఎట్లుంది ఆమె?"

"మంచిదే. చాక్లెట్లు తెచ్చింది. నువ్వెప్పుడొస్తావు?"

సిగ్నల్ లేదని చెప్పి తస్లీమా పెట్టేసింది.

పిల్లకు రెండేళ్లు నిండగానే తస్లీమా కువైట్ పోయింది. మా ప్రొద్దుటూరులో కువైట్ పోయే ఆడవాళ్ల ఇళ్లల్లో అందరూ చేసేదే మేమూ చేశాం. బయలుదేరే పొద్దున అల్లుడు అమీర్ బాషా ఐస్‌క్రీమ్ కొనిస్తానని బుష్రాను బండి మీద తీసుకుపోయాడు. తల్లి పోవడం చూస్తే ఏడుస్తుందని. తిరిగొచ్చాక పిల్ల వంటింట్లో చూసింది, బాత్‌రూమ్‌లో చూసింది, దండెం మీది చీరల వెనక చూసింది. తర్వాత నా పక్కన కూర్చుని అన్నం తిన్నది. ఏడవలేదు. అప్పటి నుంచి దేనికీ ఏడవలేదు. కింద పడితే లేచి దులుపుకుంటుంది. గాజులమ్మే ఆమె చంకనెక్కి వీధి చివరిదాకా పోతుంది, వెనక్కి తిరిగి చూడదు. ఎవరి దగ్గరికైనా పోతాది, శానా మంచి పిల్ల అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు నా సంగతే గుర్తొస్తుంది. పెళ్లైన కొత్తలో జమ్మలమడుగులో, మా అత్తగారింట్లో, నేను నిద్రపోతుండగా మా అమ్మ నన్ను వదిలి బస్సెక్కింది. లేచి చూస్తే చాప మీద నా పక్కన ఎవరూ లేరు. ఇప్పటికీ నిద్రలో నా చెయ్యి పక్కకు పోయి తడుముతుంది.

అమీర్ బాషా పులివెందులలో టైర్ల షాపులో పని చేస్తాడు. ఆదివారం వచ్చి, ఇంకో రెండేళ్లకు ఏజెంటుతో మాట్లాడేశానని చెప్పాడు. ఇంటి మీద స్లాబు పడాలట. తస్లీమా పిల్ల సంగతి ఎత్తితే పోయినసారి మాటే మళ్లీ అన్నాడు: "మీ అమ్మ చూసుకుంటాది గదా." నా భర్త గౌస్ మొహిద్దీన్ నవ్వి, "ముసల్ది ఇంట్లో ఊరికే కూర్చోనుండేదే గదా" అన్నాడు.

ఊరికే. పిల్లకు నీళ్లు పోసేది, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగేది, ఊరికే కూర్చుని ఉన్న నేనే. అక్కడ కువైట్‌లో తస్లీమా ఎవరి బిడ్డకో అన్నం తినిపిస్తుంది. సెలవుకు బయలుదేరేటప్పుడు ఆ బిడ్డ దీని కాళ్లు వదల్లేదట. వీళ్ల మేడకు పునాది నా ఒడి. ఈ సంగతి ఆ ఇద్దరు మగవాళ్లకూ తెలియదు. నాకూ ఆ పూటదాకా తెలియలేదు.

"అమ్మీ, నాకు పోవాలని ల్యాదు. నువ్వైనా చెప్పు" అంది తస్లీమా మెల్లగా.

"పిల్లను నేను చూసుకోను" అన్నాను.

గౌస్ నవ్వు ఆగింది.

"ఏందత్తా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు అమీర్.

"బాగుంది. చూసుకోను. నీ పెండ్లాన్నీ నీ బిడ్డనీ పులివెందులకు పిల్చుకపో."

మనవరాలు అప్పుడే బరువైపోయిందా అని అమీర్ ఎత్తిపొడిచాడు. నేను నోరు మూసుకున్నాను. తెరిస్తే, పిల్లను మాత్రం నా దగ్గర వదిలెయ్యమని అడిగేస్తానని భయం.

పిల్లను చూసే దిక్కు లేక కువైట్ మాట మానుకున్నారు. పులివెందులకు పోయే రోజు అమీర్ మళ్లీ పాత ఉపాయమే చెప్పాడు. పిల్ల నిద్రపోతున్నప్పుడు ఎత్తుకుపోతాం, నువ్వు ఇంట్లోనే ఉండు అన్నాడు. నేను వినలేదు. బుష్రా చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిపించాను.

"బుష్రా, నేను రాను. నువ్వు మీ అమ్మీతో పోతాండావు. బస్సు పోయేదాకా నేను ఈడనే ఉంటా."

సరేనని తలూపింది. బస్సెక్కి తస్లీమా ఒళ్లో, కిటికీ పక్కన కూర్చుంది. ఎవరి దగ్గరికైనా పోయే పిల్ల కదా.

బస్సు కదిలింది. కిటికీలో దాని నోరు తెరుచుకుంది. మొదట శబ్దం రాలేదు. తర్వాత బస్టాండంతా వినబడింది. "నానీ." తస్లీమా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అది తల్లిని కొడుతోంది, నా కోసం చేతులు చాస్తోంది.

"చూసినావా, పిల్లను ఏడిపించినావు. ఆ స్తంభం వెనక్కన్నా పో" అన్నాడు సాగనంపడానికి వచ్చిన గౌస్.

పోలేదు. ఆ ఏడుపు వింటూ, బస్సు మలుపు తిరిగేదాకా, దానికి కనబడుతూనే నిలబడ్డాను.