ఊదారంగు సూర్యుడు

లక్ష్మీనరసమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుందంటే ఆళ్లగడ్డ బజారులో ఆమె ముందు ఎవరికీ నోరు లేచేది కాదు. పుస్తకాల అంగడి అది. పలకలు, నోటు పుస్తకాలు, పెన్నులు, బడి సంచులు. కొడుకు మురళీధర్ సరుకు తెచ్చి సర్దుతాడు గానీ ఆ కుర్చీ మాత్రం ఆమెదే. మంచి సరుకు గిరాకీకి, మిగిలింది ఇంటికి. ఇదీ ఆమె పట్టుదల. ఆమె పుట్టించింది కాదు, అత్తగారి దగ్గర నేర్చుకున్నది, ఆ అత్తగారు వాళ్లత్త దగ్గర. ఆ ఇంట్లో అట్ట చిరగని పుస్తకంలో రాసిన పిల్ల లేదు. మూత పోయిన పెన్నులు, తడిసి ఉబ్బిన నోటు పుస్తకాలు, విడిగా అమ్మగా డబ్బాలో మిగిలిన రంగు పెన్సిళ్లు, అన్నీ ఇంటికే వచ్చేవి. "మనమే కొత్తవి వాడుకుంటే ఇంగ అంగడెందుకు పెట్టుకున్నెట్టు?" అనేది.

ఎంగిలి విషయంలో ఇంకా కఠినం. మనవరాలు దివ్యశ్రీ చిన్నప్పుడు ఒకసారి అంగట్లో కొత్త పెన్సిలు నోట్లో పెట్టుకుంటే, "ఎంగిలి చేసింది ఎవరు కొంటారే!" అని చేతి మీద ఒకటి వేసింది. ఆ పెన్సిలును కడిగి డబ్బాలో వెయ్యమని కొడుకు అంటే వాడి మీదా విరుచుకుపడింది. ఎంగిలి సరుకు అమ్మడమూ దొంగతనమూ ఆమెకు ఒకటే.

అంత గట్టి మనిషి ఒక సాయంత్రం బెదిరిపోయింది.

బడి వదిలాక సలోమి టీచర్ అంగడికి వచ్చింది. దివ్యశ్రీకి రెండో తరగతి చెప్పేది ఆమే.

"రాండి టీచరమ్మా. చాక్‌పీసులు కావాల్నా?"

"కాదమ్మా. పాప సంగతి చెప్దామని వచ్చినా," అని టీచర్ సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఇంటి దగ్గర వేసుకు రమ్మన్న బొమ్మ. ఇల్లు, చెట్టు, చెట్టు మీద చిలక, పైన సూర్యుడు. గీతలు ఎంత ముద్దుగా ఉన్నాయో! కానీ రంగులే వేరు. చెట్టు ఆకులు మట్టిరంగు. చిలక బూడిదరంగు. సూర్యుడు ఊదారంగు.

"ఇదొక్కటే అయితే నవ్వుకుందును. ఈ ఏడు వేసినవన్నీ ఇట్లనే ఉండాయి," అంది టీచర్. "ఎందుకిట్ల ఏసినావ్ పాపా అంటే నోరిప్పదు. ఏమీ ఉండదులే గానీ, ఒకసారి కండ్లు చూపిచ్చండమ్మా."

టీచర్ వెళ్లిపోయింది. లక్ష్మీనరసమ్మ మాత్రం ఆ కాగితం మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎవరో వచ్చి గ్రాఫు పుస్తకం అడిగితే డ్రాయింగు పుస్తకం ఇచ్చింది. ఎందుకంటే ఆమెకు ప్యాపిలిలో ఉన్న తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడిది బట్టల అంగడి. వయసులో ఉండగా ఎవరైనా పచ్చ రవికగుడ్డ అడిగితే మట్టిరంగుది చింపి ఇచ్చేవాడు. అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వింది. తర్వాత పొద్దు వాలితే గడప తట్టుకునేవాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు పెళ్లాం చెయ్యి పట్టుకుని అంగడికి తీసుకొచ్చి కూర్చోబెడితే, గుడ్డ తడిమి ఇది నూలు, ఇది పట్టు అని చెబుతాడు. రంగు మాత్రం పెళ్లాం చెప్పాలి. అంతా రంగులు తప్పడంతోనే మొదలైంది. మా రక్తమే పిల్లకు వచ్చిందా? దేవుడా, ఏడేళ్ల పిల్ల!

మురళీధర్‌కు చెబితే మొదట తేలిగ్గా తీసేశాడు. "పిల్లోల్లు ఏదో ఒగటి గీస్తాంటారు లేమ్మా."

"మీ మామ గూడా ఇట్లనే మొదలుపెట్టినాడు రా," అంది ఆమె.

ఆ మాటతో వాడి మొహం వాడిపోయింది. "సౌమ్యకు మాత్రం చెప్పొద్దు," అన్నాడు. కోడలు సౌమ్య కాన్పుకు బండి ఆత్మకూరులో పుట్టింట్లో ఉంది. నెలలు నిండిన మనిషికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

మర్నాడు అంగడి కొడుక్కి వదిలి, దివ్యశ్రీని తీసుకుని లక్ష్మీనరసమ్మ నంద్యాల బస్సెక్కింది. ఎందుకు పోతున్నామో పిల్లకు చెప్పలేదు. బొమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల కళ్లనే చూస్తూ కూర్చుంది. నల్లగా, తళతళలాడుతున్న కళ్లు. ఈ కళ్లకేం వచ్చిందమ్మా అనుకుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

శిరివెళ్ల దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు నిలబడి ఉంది. అడగనా వద్దా, తప్పు చెబితే ఏం చెయ్యాలి అని తటపటాయించి, ఆఖరికి ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మీ, ఆ ట్రాక్టరు ఏం రంగే?"

"ఎర్రది."

హమ్మయ్య అనుకుంది. ఆ ఊరట బస్సు కదిలేదాకా కూడా నిలవలేదు. ట్రాక్టరు ఎర్రదని ఎవరైనా చెబుతారు. తమ్ముడు మాత్రం మిరపకాయ ఎర్రదని చెప్పలేడా? పిల్ల చూసి చెప్పిందా, ముందే తెలిసి చెప్పిందా? ఇంకొకటి అడుగుదామంటే ధైర్యం చాలలేదు. నంద్యాల వచ్చేదాకా కొంగు చివర మెలిపెడుతూనే ఉంది.

కంటి డాక్టరమ్మ చిన్న వయసుది. పిల్లను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి కళ్లల్లోకి దీపం వేసి చూసింది. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ఒకటి తెరిచింది. దివ్యశ్రీ తడబడకుండా అన్నీ చదివింది.

"కళ్లు బాగున్నాయమ్మా," అంది డాక్టరమ్మ.

లక్ష్మీనరసమ్మ నమ్మితేగా! "అంకెలదేముందమ్మా, అంగట్లో పుట్టి పెరిగిన పిల్ల. దీన్ని చూడండి," అని సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. తమ్ముడి సంగతి కూడా చెప్పింది.

డాక్టరమ్మ బొమ్మ చూసి, పిల్ల వైపు వంగి, "సూర్యుడు ఊదారంగు ఎందుకేశావమ్మా?" అని మెల్లగా అడిగింది.

దివ్యశ్రీ అవ్వ వైపు చూసింది. తల దించుకుంది.

"చెప్పవే! నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అని అవ్వ కసిరింది. పిల్ల పెదాలు ఇంకా బిగుసుకున్నాయి.

డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "అరవకండమ్మా. నాసిరకం పెన్సిళ్లయితే రంగులు వెలిసిపోయి ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు పిల్లలు. మంచివి, గీస్తే అసలు రంగు పడేవి, ఒక పెట్టె కొనండి. మీ ఎదురుగా బొమ్మ వేయించి తెచ్చి చూపించండి. అప్పుడూ ఇలాగే వేస్తే, మీ ఇంట్లో ఒకరికి అలా అయింది కాబట్టి, కర్నూలు పెద్దాస్పత్రికి పంపిద్దాం."

కర్నూలు! ఆ మాట చెవిన పడ్డాక లక్ష్మీనరసమ్మకు మెట్లు ఎలా దిగిందో కూడా తెలియలేదు.

ఎదురుగానే ఒక స్టేషనరీ అంగడి ఉంది. బల్లకు ఇవతల, కొనేవాళ్ల పక్క నిలబడి ఎన్నేళ్లయిందో ఆమెకు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"రంగు పెన్సిళ్లు కావల్లప్పా. మంచివి," అంది.

"అన్నీ మంచివేనమ్మా," అన్నాడు అంగడాయన.

ఆ మాట రోజూ తాను అనేదే కాబట్టి ఒక్క ముక్క నమ్మలేదు. పెట్టెలన్నీ దింపించింది. మొదటి దాంట్లో పెన్సిలు తీసి వెనక వైపు తిప్పి చూసింది. రంగు పుల్ల నడిమధ్యన లేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది. చెక్కినప్పుడల్లా ములికి విరుగుతుంది, వద్దు. రెండో దాంతో కాగితం మీద గీస్తే మైనం జారిందే గానీ రంగు పడలేదు. ఇంకొకటి గీస్తే గరగరలాడింది. ఇలాంటివే కదా తన అంగట్లోనూ ఉన్నవి! అమ్మేటప్పుడు ఎప్పుడైనా గీసి చూసిందా? గిరాకీ పోతుందని భయం తప్ప, గీసే చెయ్యి సంగతి ఎప్పుడు తలచింది? ఆ ఆలోచనకు ఇంకా గాబరా పుట్టి, అన్నిటిలోకీ పై అరలో ఉన్న పెట్టె దింపమంది.

ఇది వేరు. పుల్ల సరిగ్గా మధ్యన కూర్చుంది. కొయ్య నున్నగా ఉంది. ఊరికే ఆనిస్తే చాలు, పసుపు పసుపుగానే పడింది, నిమ్మపండు తొక్కంత చక్కగా. ఎరుపు, నీలం, పచ్చ, అన్నీ గీసి చూసింది. ఒక్కో గీత గీస్తూ, నా బంగారుకు ఇది ఇట్లే కనపడాలి తండ్రీ అనుకుంది.

"కొనేదానికా, పరీక్ష రాసేదానికా అవ్వా?" అని నవ్వాడు అంగడాయన.

వేరే రోజైతే వాడికి కడుపు నిండా తిట్లు పెట్టేది. ఆ రోజు బేరం కూడా ఆడకుండా, పెట్టె, ఒక తెల్ల కాగితాల పుస్తకం తీసుకుని ఇవతలికి వచ్చేసింది.

ఆస్పత్రి వసారాలో బెంచీ మీద పిల్లను కూర్చోబెట్టి, ఒళ్లో పుస్తకం పెట్టి, పక్కన పెట్టె తెరిచింది.

"సూర్యున్ని ఎయ్యి తల్లీ."

దివ్యశ్రీ పెట్టె వైపు చాలాసేపు చూసింది. చెయ్యి చాపింది. వేళ్లు పసుపు మీదికి వెళ్లాయి. ఆ వేళ్లు పసుపు మీద ఆగి, దాన్ని దాటి, ఎరుపు దాటి, పెట్టె చివరికంటా పోయి, ఊదారంగు పెన్సిలు తీసుకున్నాయి.

అయిపోయింది అనుకుంది లక్ష్మీనరసమ్మ. బెంచీ మీద కూలబడింది. తమ్ముడు గుడ్డలు తడుముకోవడం కళ్ల ముందు కదిలింది. సౌమ్యకు ఏ మొహంతో చెప్పాలి? కళ్లనీళ్లు ఆగక చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎందుకవ్వా ఏడుస్తాండావ్?" పిల్ల బెదిరిపోయింది.

"నీకు పసుపు కనపడదామ్మీ? నిజం చెప్పు, కొట్టను. కనపడదా?"

"కనపడతాంది."

"యాడ? యాడుందో చూపియ్!"

దివ్యశ్రీ వేలు నేరుగా పసుపు పెన్సిలు మీద పెట్టింది. "ఇది పసుపు. ఇది ఎరుపు. ఇది చిలకపచ్చ. ఇది నీలం."

లక్ష్మీనరసమ్మ ఏడుపు ఆగిపోయింది. "మరి సూర్యునికి పసుపు ఎయ్యల్లని తెలీదా?"

"తెలుసు."

"తెలిసి ఎందుకు తీసుకోలా మరి?"

పిల్ల మళ్లీ తల దించుకుంది. డాక్టరమ్మ ముందు చెప్పని మాట అప్పుడు మెల్లగా చెప్పింది.

"అవి అమ్మేవి కదవ్వా. పసుపు, ఎరుపు, పచ్చ అందరూ అడుగుతారు. మనం తీసుకుంటే గిరాకీకి తక్కువైతాయి. మట్టిరంగు, ఊదా, బూడిద ఎవురూ కొనరు గదా. అవే మనవి. బయటోళ్ల ముందర చెప్తే నువ్వు తిడతావని చెప్పలా."

అయితే పిల్ల కళ్లు బాగున్నాయి. ప్యాపిలి రక్తం కాదు, ఏమీ కాదు. గుండెల మీద బండ దిగిందనుకునేలోపే ఇంకో బండ వచ్చి కూర్చుంది. పిల్లకు డబ్బాలోంచి మిగిలినవి ఏరి ఇచ్చింది ఎవరు? ఇవి పెన్సిళ్లు కావా ఏంది, గీసుకో పో అన్నది ఎవరు? ఏడాది పొడుగునా పిల్ల సూర్యుడికి ఊదారంగు పూస్తుంటే, అంగడి బాగుందని మురిసింది ఎవరు? సిగ్గుతో ఆమె చెవులు మండిపోయాయి.

"ఇవి అంగడివి కాదు తల్లీ, నీవే. నీకే కొన్న్యా."

పిల్లకు నమ్మకం కుదరలేదు. "మిగిలినాక ఇస్తావా?"

ఇక మాటలతో పని జరగదని లక్ష్మీనరసమ్మకు అర్థమైంది. పెట్టెలోంచి పసుపు పెన్సిలు తీసింది. అటూ ఇటూ చూడకుండా, ఆ మడి మనిషి, ఎంగిలి గిన్నె పక్కన మంచినీళ్ల చెంబు కూడా పెట్టనివ్వని మనిషి, పెన్సిలు తోకను నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికింది. పళ్ల గాట్లు పడిన పెన్సిలు పిల్ల ముందు పట్టుకుంది.

"ఎంగిలి చేసిన్యా. ఇంగ ఎవురైనా కొంటారా దీన్ని?"

దివ్యశ్రీ నోరు తెరిచి చూసింది. తర్వాత కిలకిలా నవ్వింది. "కొనరు!"

"ఊఁ, కొరుకు. అన్నీ కొరుకు. ఒగటి గూడా అమ్మేదానికి పనికి రాగూడదు."

పిల్ల ఎరుపు కొరికింది. పచ్చ కొరికింది. నీలం కొరికేముందు మాత్రం అవ్వ మొహం వైపు ఒకసారి చూసుకుంది. అవ్వ తల ఊపింది. వసారాలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నా లక్ష్మీనరసమ్మ పట్టించుకోలేదు. ఒక్కొక్కటీ తీసి తానే అందిచ్చింది.

చివరికి ఊదారంగుది మిగిలింది. అవ్వ అదీ అందివ్వబోతే దివ్యశ్రీ వద్దని తల అడ్డంగా ఊపింది.

"దీన్ని కొరకాల్సిన పన్లేదవ్వా," అంది. "ఇది ఎట్లయినా మనదే గదా."