నీళ్లు పోయని పరీక్ష

ఛీ! ఆ ఇద్దరినీ తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా ఆయన హెబ్రోను మనుబోలు దగ్గర హైవే పక్కన చంద్రమౌళి పంక్చర్ షాపులో పని చేసేవాడు. మోటారుతో గాలి నింపే ట్యాంకుకు మూరెడు దూరంలో కూర్చుని పొద్దంతా లారీ టైర్లు విప్పడమే పని. ట్యాంకు అడుగంతా తుప్పు. లోపల చేరే నీళ్లు రోజూ వదలాలట, ఎవరు వదిలారు గనక! కన్నం పడిన చోట ఎంసీల్ మెత్తి, ఆయుధపూజకు వెండి రంగు పూసి, బొట్లు పెట్టారు.

మంగళవారం నేను క్యారియర్ తీసుకుపోయేసరికి ట్యాంకు పరీక్ష చేసే సుకుమార్ వచ్చి ఉన్నాడు. ఆ పరీక్ష నేను పని చేసే రొయ్యల ఫ్యాక్టరీలో చూశాను. ట్యాంకు నిండా నీళ్లు నింపి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెడతారు. నీళ్లతో పగిలితే నేల తడుస్తుంది, అంతే. గాలితో పగిలితే పక్కనున్న మనిషి మిగలడు.

ఈ మహానుభావుడు చెంబెడు నీళ్లయినా అడగలేదు. కూల్‌డ్రింక్ తాగి, బ్రేవుమని త్రేన్చి, సర్టిఫికెట్టు మీద సంతకం గీకేశాడు.

"నీళ్లు పొయ్యలేదేంది సార్?" అన్నాను.

"కొత్తదాని మాదిరి మెరస్తా ఉంది గదమ్మా."

"ఆ రంగు మా ఆయన పూసిందే సార్! లోపలెట్టుందో చూడండి."

చంద్రమౌళి నవ్వాడు. "నీకెందుకు జయశీలా ఇయ్యన్నీ? పోయినేడు బిట్రగుంటలో మా బామ్మర్ది ట్యాంకుకు నీళ్లు పోసి పరీక్ష పెట్టినారు. టప్పున పగిలిపొయ్యింది. బంగారంలాంటి ట్యాంకు పాడైపోలా? అందుకే మనం పెట్టించలేదు."

సుకుమార్ అవునన్నట్టు తలూపాడు. ట్యాంకు పాడవకూడదట. మా ఆయన ఏమైపోయినా పర్లేదు.

ఇంతలో లారీ వచ్చి ఆగింది. "హెబ్రోనూ, మోటారు వెయ్యి," అని చెప్పి చంద్రమౌళి సుకుమార్‌ను వెంటబెట్టుకుని రోడ్డవతల టీ బంకుకు పోయాడు. సిగ్గులేని మొహాలు!

మా ఆయన స్విచ్చి మీద చెయ్యి పెట్టి, "నువ్వు గూడా అవతలకి పో జయా," అన్నాడు మెల్లగా.

అంటే ఈయనకీ తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ కూర్చున్నాడు. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. పోయి ట్యాంకుకు వీపు ఆనించి కూర్చున్నాను.

"ఇప్పుడు వెయ్యి," అన్నాను.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మా ఆయన నన్ను చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, రోడ్డవతలికి గట్టిగా కేకేశాడు.

"అన్నా! మీ ఇద్దర్లో ఎవరో ఒకరొచ్చి వెయ్యండి."

ఇద్దరిలో ఒక్కడూ లేవలేదు.