తిరగేసి ఆరేసిన ఎర్ర కాంగా

"గోడమీద పెట్టిన కెమెరా గాలికి జారి నీ నెత్తిన పడితే ఏం చెయ్యనే? మీ నాన్న ఆ సాయంత్రమే చదువు మాన్పించేస్తాడు," అంది మ్వానాషా. కెమెరా ఇంకా సంచిలోంచి బయటికే రాలేదు.

కూతురు జుహూరా నవ్వింది. దారుస్సలాంలో సినిమా చదువు చదువుతోంది. సెలవులకి సొంతూరు టాంగాకి వచ్చి, తన మొదటి సినిమా ఎలా మొదలవ్వాలో ఇంటి పెరట్లోనే తేల్చుకుంటోంది. తియ్యడం రేపు పొద్దున్నే. తల్లి బట్టల పెట్టె తెరిచి, ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే కాంగా గుడ్డలన్నీ చాపమీద కుమ్మరించింది.

"చూడమ్మా. ముందు తెరంతా చీకటి. చీపురు చప్పుడొక్కటే వినిపిస్తుంది. తర్వాత కొబ్బరి కోరుతున్న చప్పుడు. అప్పుడు బొమ్మ పడుతుంది. అన్నీ వెలిసిపోయిన రంగులే. సున్నం గోడ, పొయ్యి బూడిద, దండెం మీద పాత కాంగాలు. గాలికి అవి పైకి లేస్తే వెనకనుంచి ఒక్క ఎరుపు. మాట మాత్రం ఒక్కటీ ఉండదు."

"మాటలెందుకుండవు?"

"ఆడవాళ్ళ చాకిరీ నోరు లేకుండా జరిగిపోతుందని చూపించడానికి."

"నోరు లేకుండా ఎవరు చేశారే తల్లీ? పొద్దుట్నించీ నేను వాగుతూనే ఉంటాను. వినే దిక్కు లేదు గానీ."

జుహూరా వినిపించుకోలేదు. పెట్టె అడుగునుంచి ఎర్రటి కాంగా ఒకటి లాగింది. అంచు కుట్టలేదు, కొట్లో జంటగా అమ్మిన గుడ్డలు రెండూ ఇంకా విడదీయలేదు. "ఇదే! సరిగ్గా ఈ ఎరుపే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా దీన్ని?"

మ్వానాషా గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "అది వద్దు. దానిమీద రాసిందేమిటో చూశావా?"

జుహూరా అంచు తిప్పి చదివింది. "'అడిగి ఉంటే చెప్పేదాన్ని.' బాగుందిగా! అయినా నీకెందుకు భయం, తిరగేసి ఆరేస్తాలే. మా సారు కూడా అన్నారు, అక్షరాలు కనిపిస్తే జనం రంగు చూడ్డం మానేసి చదవడం మొదలెడతారని."

చదవడానికి కాకపోతే కాంగా ఎందుకు? ఈ ఊళ్ళో ఆడది నోటితో అనలేనిది నడుముకి చుట్టుకుని మొగుడి ముందూ అత్త ముందూ తిరుగుతుంది. జుహూరా చంటిపిల్లగా ఉన్నప్పటి మాట. బజారుకెళ్ళి వచ్చేసరికి కిటికీ దగ్గర కుట్టుమిషను లేదు, నేలమీద దాని కాళ్ళ గుర్తులున్నాయి. మ్వానాషా పుట్టింటినుంచి తెచ్చుకున్న మిషను అది. వీధిలో అందరి కాంగాల అంచులూ దానిమీదే కుట్టేది. "మా చెల్లెలికి పంపించాను. ఎప్పుడో ఓసారి టకటకలాడించడానికి ఇంత చోటెందుకు నీకు?" అన్నాడు మొగుడు మ్బారుకు, చేప ముల్లు తీసుకుంటూ. "నీదీ నాదీ ఏమిటమ్మాయ్, నువ్వే మాదానివైతే!" అంది అత్తగారు, ముద్దుచేస్తున్నట్టే. ఆ వారం కొట్లో కాంగాలన్నీ చదివి చదివి, ఈ ఒక్కటి ఏరుకుంది. ఇది కట్టుకునే అతనికి అన్నం వడ్డించాలనుకుంది. తీరా ఇంటికొచ్చాక ఆలోచనలు చుట్టుముట్టాయి. తలాక్ అంటే? పిల్లని లాక్కుంటే? పుట్టింట్లో అన్నయ్య తలుపు తియ్యకపోతే? పెట్టె అడుగుకి తోసేసింది. ఆ తర్వాత ప్రతి పండక్కీ అతను తెచ్చిన కాంగాలే కట్టింది. 'నా ఇంటి వెలుగువి', 'ఓర్పులో నీకు సాటి లేరు'. వీధంతా అవి చదివి, అదృష్టవంతురాలివమ్మా అనేవాళ్ళు. తను తెచ్చుకున్నదాన్ని మాత్రం ఏడాదికోసారి, పురుగు పట్టకుండా మడతల్లో వేసిన లవంగాలు మార్చి, మళ్ళీ మడతపెట్టేది.

"సరే, తిరగేసే ఆరెయ్యి," అంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది కదా పిల్ల.

మర్నాడు పొద్దున్నే జుహూరా దండెం కట్టింది. వెలిసినవన్నీ ముందు, ఎర్రది వెనక. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మైకు పొయ్యి దగ్గర పెట్టింది. "ఒక్కసారి ఇలా రా అమ్మా, చూడు," అని కెమెరా వెనక్కి పిలిచింది.

మ్వానాషా చూసింది. గాలి వీచింది, పాత గుడ్డలు లేచాయి, వాటి సందులోంచి ఎరుపు భగ్గుమంది. ఎంత అందంగా ఉందో! అంచు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. రంగు ఒక్కటీ తీసుకుని, మాటని గోడవైపుకి తిప్పేసింది తన కడుపున పుట్టిన పిల్లే. దాన్ని అని ఏం లాభం, ఇన్నేళ్ళూ తను చేసిందీ అదేగా!

ఎర్ర గుడ్డ దగ్గరికి వెళ్ళింది. దండెం తెగుతుందేమో, ఆ సారు పిల్లని తప్పిస్తాడేమో, మసీదునుంచి మ్బారుకు ఈపాటికే బయల్దేరాడేమో, అన్నీ ఒకేసారి తోచాయి. అయినా క్లిప్పులు ఊడదీసింది.

"ఏం చేస్తున్నావమ్మా? నా ప్లానంతా పోతుంది!"

"పోనీ. అక్షరాలు ఇటు ఉండాలి."

కాంగా తిప్పి బిగించి, వెళ్ళి కోరాం ముందు కూర్చుంది. జుహూరా ఏమనుకుందో ఏమో, కెమెరా ఆన్ చేసింది. మ్వానాషా కొబ్బరి కోరుతోంది.

మ్బారుకు పెరటి గుమ్మంలోకి వచ్చాడు. "చాయ్ ఏదీ?" అనబోయి ఆగాడు. గాలికి ముందున్న గుడ్డలు లేచి, ఎర్రది కనిపించింది. అతని పెదాలు కదిలాయి, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు.

"ఇదెవరికి?" అన్నాడు.

"రంగు కోసం నాన్నా!" అంది జుహూరా గబగబా. "సినిమాకి ఎరుపు కావాలని నేనే..."

అతను కూతురివైపు చూడలేదు. కొబ్బరి కోరుతున్న చప్పుడు ఆగిపోయింది. గుడ్డలు టపటపా కొట్టుకున్నాయి. పక్కింట్లో ఎవరో నీళ్ళు గుమ్మరించారు. పిల్ల మంచి దారే చూపించింది. ఔననేసి చాయ్ పొయ్యొచ్చు, దినం గడిచిపోతుంది. మ్వానాషా కొబ్బరిచిప్ప కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. అతను ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కూతురు కెమెరా ఆపలేదు.

"రంగు కోసం కాదు," అంది చివరికి. "మీ కోసం."