కొండ బొమ్మా, అల బొమ్మా

"ఇది మన కళ్లముందే పోతుంది, లెసీలీ. పోయాక ఏడ్చి లాభం లేదు," అంది పెలెనైసె.

అప్పటికింకా ఏమీ పోలేదు. ముందుగదిలో కిటికీ పక్కన, కుట్టుమిషన్ బల్ల మీద కంప్యూటర్ మామూలుగానే వెలుగుతోంది. కూతురు లెసీలి దాని ముందు కూర్చుని, తను పాఠాలు చెప్పే బడికి ప్రశ్నపత్రం టైపు చేసుకుంటోంది. పెట్టె లోపలినుంచి మాత్రం అప్పుడప్పుడూ టిక్కుమని ఒక చప్పుడు, నిద్రలో ఎవరో పళ్లు కొరికినట్టు. సముద్రంలోని అగ్నికొండ పేలిన ఏడాది ఊరంతా బూడిద కురిసింది కదా, ఆ బూడిదే లోపలికి పోయిందని పెలెనైసె నమ్మకం. ఆ మాట ఎప్పుడు అన్నా లెసీలి నవ్వి ఊరుకునేది. ఆ వేళ నవ్వలేదు. తనకూ వినబడినట్టుంది.

ఆ పెట్టెలో సితలెకి పాటలున్నాయి. మొత్తం నలభై ఒకటి. పెలెనైసె భర్త సితలెకి పాతికేళ్లు చర్చి బృందానికి పాట నేర్పినవాడు. కొత్త బాణీ కడితే నల్లబల్ల మీద సుద్దతో స్వరాల గుర్తుగా అంకెలు వేసేవాడు. అందరికీ నోటికి వచ్చాక తుడిచేసి, దాని మీదే ఇంకోటి వేసేవాడు. కాగితం మీద పెట్టవయ్యా అని భార్య ఎన్నిసార్లు మొత్తుకున్నా, బొద్దింకలు కాగితాన్ని తింటాయి గాని మనుషుల్ని తినవు అనేవాడు. చక్కెర జబ్బు ముదిరి కాలు తీసేశాక, చివరి ఏడాది ఇంట్లోనే కూర్చుని, ఒక్కో పాటకీ నాలుగు గొంతులూ తనే పాడి కంప్యూటర్లో పెట్టాడు. ఇరవై ఏడో పాట సగంలో ఉండగా ఇంటి కింద దూరిన పందిపిల్ల ఒకటి కీచుమంది. సితలెకి నవ్వాపుకోలేకపోయాడు. ఆ నవ్వు పాటలోనే ఉండిపోయింది. ఆ ముక్క కత్తిరిద్దామా అని లెసీలి ఒకసారి అడిగితే, ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తానంది తల్లి. ఆయన పోయి రెండేళ్లు. పాటల్లో ఆయన చర్చి మనిషి. ఆ ఒక్క నవ్వులోనే ఇంటి మనిషి.

వేరే డిస్కు కొని పాటలన్నీ అందులోకి కూడా ఎక్కించుకుంటే సరిపోతుందని లెసీలి తేల్చింది. ఏది కొనాలన్న దగ్గర మొదలైంది గొడవ. టాంగా దీవుల రాజధాని నుకుఅలోఫా బజారులో దొరికేవి రెండే. హాల్‌బెర్గ్, మింటారో. లెసీలి వారం రోజులు నెట్‌లో జనం రాసినవన్నీ చదివి తల్లికి వినిపించింది. అదే పొరపాటైంది. హాల్‌బెర్గ్ పదకొండేళ్లు పనిచేసిందని ఒకడు రాస్తే, పదకొండు రోజులకే పోయిందని ఇంకొకడు. మింటారో మేడ మీంచి పడి కూడా బతికిందని ఒకామె రాస్తే, బల్ల మీద కదలకుండా ఉన్నది ఉన్నట్టే చచ్చిందనీ, తన పెళ్లి ఫొటోలన్నీ దాంతోనే పోయాయనీ ఇంకొకామె. మంచి మాటలు పెలెనైసె చెవికెక్కలేదు. ఆ పెళ్లి ఫొటోల ఆమె ఎవరో, ఏ దేశమో తెలియదు, ఆదివారం ప్రార్థనలో మాత్రం ఆమె కోసం రెండు మాటలు కలిపింది.

ఈలోగా సంగతి ఫుసిపాల చెవిన పడింది. ఫుసిపాల అంటే సితలెకి అక్క, లెసీలికి మేనత్త. టాంగాలో మేనత్త ఇంట్లోకి వస్తే కుర్చీ ఆమెది, నేల మిగతావాళ్లది. నచ్చిన వస్తువు మీద ఆమె చెయ్యి పెట్టిందంటే అది ఆమెదే. పెద్దయ్యాక అక్కా తమ్ముడూ ఒక గదిలో కూర్చోకూడదు, ఒకరి ముందొకరు పరాచికాలాడకూడదు కాబట్టి, అక్క వస్తోందంటే సితలెకి నోట్లో ఉన్న నవ్వు నోట్లోనే మింగి పెరటి గుమ్మంలోంచి తప్పుకునేవాడు.

ఫుసిపాల చర్చి ఆఫీసులో ప్రకటనలు టైపు చేస్తుంది. అక్కడ ఆరేళ్లుగా ఉన్నది మింటారో.

"మింటారో కొను," అంది కుర్చీలో సర్దుకుంటూ. "దేవుడి పని చేసే డిస్కు ఎందుకు పోతుంది?"

తలవంచుకు విన్న లెసీలి, ఆమె గేటు దాటాక అంది: "దేవుడు హామీ కార్డు మీద సంతకం పెట్టాడేమో చూడాలి."

లెసీలి ఓటు హాల్‌బెర్గ్‌కి. దానికి హామీ రెండేళ్లు ఎక్కువ. డిస్కు పోతే కొత్త డిస్కు ఇస్తారట. అందులోని మనిషి గొంతు కూడా ఇస్తారా అని పెలెనైసె అడిగింది.

శుక్రవారం తల్లీకూతుళ్లు బజారుకెళ్లారు. దుకాణం నడిపే లిన్ రెండు పెట్టెలూ తెచ్చి పక్కపక్కన పెట్టింది. హాల్‌బెర్గ్ పెట్టె మీద కొండ బొమ్మ. మింటారో పెట్టె మీద నీలంగా లేచిన అల. టాంగా మనిషికి కొండా అలా చూపించి ఏది కావాలమ్మా అంటే ఏం చెబుతుంది? కొండ పేలడమూ అల మీద పడటమూ ఒకే సాయంత్రం చూసినవాళ్లాయె. ఈ రెంటిలో పోనిది ఏదో చెప్పమంది పెలెనైసె.

"పోనిది లేదక్కా," అంది లిన్. "రెండూ పోతాయి. ఏది ముందు పోతుందో నాకు తెలీదు, చేసినవాళ్లకూ తెలీదు."

పుట్టి బుద్ధెరిగి ఇంత వరకూ, తన గంపలో చేప కుళ్లిందని చెప్పి అమ్మినవాణ్ణి పెలెనైసె చూడలేదు. అబద్ధమాడి ఉంటే బేరమన్నా ఆడేది. నిజానికి ఏమని బేరమాడుతుంది? కాసేపు రెండు పెట్టెలనీ చూసి, కొండ ఒక్కసారి పేలి ఊరుకుంటుంది, అల మళ్లీ మళ్లీ వస్తుంది అనుకుంది. హాల్‌బెర్గ్ తీసుకుంది. బస్సెక్కగానే, ఈ సంగతి అత్త ముందు అనకని కూతురి చేత ఒట్టు వేయించుకుంది.

శనివారం లెసీలి పాటలన్నీ ఎక్కించి ఇచ్చింది. ఇక అది ఎక్కడ పెట్టాలన్నది ఇంకో భయం. కంప్యూటర్ పక్కనే పెడితే ఒకే దొంగ రెండూ పట్టుకుపోతాడు. బీరువాలో పెడితే సముద్రపు చెమ్మ. గూట్లో పెడితే అత్త చెయ్యి. కూతురు బజారుకెళ్లిన సమయం చూసి పెలెనైసె దాన్ని దిండు గలీబులో చుట్టి, తన పరుపెత్తి, కింద మడతపెట్టి ఉన్న న్గాటు గుడ్డ పొరల్లో దూర్చింది. చెట్టు బెరడు దంచి, అతికి, నల్లగా ఎర్రగా అద్దిన ఆ గుడ్డ వాళ్లమ్మ ఇచ్చింది. దాని పైన రెండు సన్నచాపలు, వాటి పైన పరుపు. ఇంటిల్లిపాది ఆస్తీ అదే, రోజూ దాని మీదే పడుకునేది. చాపల కింద చెయ్యి పెట్టే దొంగ టాంగాలో ఇంకా పుట్టలేదు.

ఎక్కడ పెట్టిందీ కూతురికి కూడా చెప్పలేదు. చెబితే పిల్ల నోరు జారుతుంది, జారితే అత్త చెవికి చేరుతుంది. మొదటి వారం రోజూ చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. తర్వాత, తడి చేత్తో తడిమి తడిమి నేనే బూజు పట్టిస్తున్నానేమోనన్న భయం పుట్టి మానేసింది.

మూడు వారాలకు, ఒక సోమవారం, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి లెసీలి నల్లటి తెర ముందు నిలబడి ఉంది. పొద్దున్నుంచి పెట్టె టిక్కుటిక్కుమని, చివరికి ఒక్క పెద్ద గీరుడు గీరి ఆగిపోయిందట. పెలెనైసెకి ఆ భయంలోనే, నేను చెప్పలేదా అన్న చిన్న గర్వం కూడా తలెత్తింది. ఇన్నేళ్లుగా భయపడుతున్నందుకు ఒక్క భయమన్నా పనికొచ్చింది.

"పోతే పోయిందిలే అమ్మా," అంది లెసీలి. "కొండ ఉందిగా. తెచ్చియ్యి."

పెలెనైసె గదిలోకెళ్లి పరుపెత్తింది.

మంచం పలకలు కనిపించాయి. వాటి మధ్య సందుల్లోంచి నేల కనిపించింది. పరుపు అలాగే పట్టుకుని ఉండిపోయింది. బరువనిపించలేదు.

"లెసీలీ, పరుపు కింద న్గాటు ఏదే?"

గుమ్మంలోకొచ్చిన లెసీలి తేలిగ్గానే చెప్పింది. గురువారం అత్త వచ్చింది కదా, కోలోవైలో ఎవరో పెద్దాయన పోయారని, చావింటికి చాపలు కావాలని తీసుకెళ్లిందని ఆ సాయంత్రమే చెప్పాను కదా అంది. చెప్పింది, నిజమే. అలాంటి వాటికని వేరే తీసిపెట్టిన ట్రంకు పెట్టెలోవి పట్టుకెళ్లిందనుకుంది పెలెనైసె. పని అలుపులో నాలుగు రాత్రులూ పరుపు కిందికి దిగిన సంగతి గమనించనేలేదు. ఆ ట్రంకు పెట్టె అత్త తెరిచి చూసిందట. ఇవి పట్టుకెళ్తే ఆ ఇంటివాళ్ల ముందు మా తమ్ముడి పేరేమవుతుంది అని మూసేసి, పరుపెత్తమందట.

"ఎత్తాను. వ్యాను దాకా నేనే మోశాను."

"బరువు తెలీలేదా?"

"న్గాటు బరువుగానే ఉంటుంది కదమ్మా." అని, తల్లి ముఖం చూసి, మంచం పలకలు చూసి, లెసీలి మెల్లగా గోడకు ఆనుకుంది. "అందులోనా పెట్టావు?"

ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఏడవాలంటే జరిగిందేమిటో ముందు లోపలికి దిగాలి. చావింట పరిచిన గుడ్డ వెనక్కి రాదు. అడగడమన్నది లేదు. ఆ ఇంటివాళ్లు దాన్ని ఇంకొకరికి పంచుతారు, వాళ్లు ఇంకో పెళ్లికి పెడతారు. కొన్ని సమాధిలో పరుస్తారు. పెలెనైసె కళ్లకు కోలోవై ఇసుక కింద శవం పక్కన కొండ బొమ్మ కనిపించింది. ఆక్లండ్ వెళ్లే ఓడలో, ఎవరి మూటలోనో కనిపించింది. చిన్నపిల్లలు తాడు కట్టి వీధిలో ఈడ్చుకెళ్తుంటే కనిపించింది. ఇన్నాళ్లుగా దొంగకు, చెమ్మకు, బూడిదకు, బొద్దింకకు భయపడింది. తన చేతికి తాను భయపడాలని ఒక్కనాడూ తోచలేదు.

నేనొచ్చి చెబుతానంది లెసీలి. పెలెనైసె ఒప్పుకోలేదు. నల్లబట్టలు కట్టి, పెద్దల ముందుకెళ్లే మర్యాదకు నడుముకు చాప చుట్టుకుని, కూతురి కోసం దాచిన, చేమాకుల్లో మాంసం చుట్టి వండిన లూ పొట్లాలు రెండు సంచీలో వేసుకుని, రెండు వీధులు నడిచి ఆడబిడ్డ ఇంటికెళ్లింది.

ఫుసిపాల కుర్చీలో ఉంది. ఫ్యాను తిరుగుతోంది. పెలెనైసె గుమ్మం పక్కన నేల మీద కూర్చుని పొట్లాలు ముందుకు జరిపింది. కోలోవై సంగతులు నడిచాయి. ఎన్ని పందులు కోశారో, ఏ ఊరి బృందం శ్రుతి తప్పిందో, ఎవరు ఏడవాల్సినంత ఏడవలేదో అన్నీ ఫుసిపాలే చెప్పింది. ఎదుటివాళ్ల ప్రశ్న పూర్తికాకముందే జవాబు పెట్టే మనిషి ఆమె. దారంతా పేర్చుకున్న మాటలు పెలెనైసెకి చివరనుంచి మొదలుకు వచ్చాయి.

"వదినా, నేను మింటారో కొనలేదు."

ఆ మీద అన్నీ చెప్పేసింది. హాల్‌బెర్గ్ కొనడం, దాచడం, దిండు గలీబు, ఇవాళ ఇంట్లో డిస్కు చచ్చిపోవడం. తమ్ముడి పాటలు ఇక ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయంది. మాట వినకపోవడం తప్పే, దానికి ఏ శిక్షయినా సరే, చావింటికి పెట్టినదాన్ని అడగకూడదని తెలిసే అడుగుతున్నానంది.

"కోలోవైలో ఆ గుడ్డ విప్పినప్పుడు ఏమన్నా కింద పడిందా, వదినా?"

పెలెనైసె తిట్టు కోసం తల వంచింది. తిట్టు రాలేదు. ఫ్యాను ఆ గోడ దాకా వెళ్లి ఈ గోడకు తిరిగొచ్చింది. వీధిలో వ్యానొకటి కొబ్బరికాయలంటూ అరుచుకుంటూ పోయింది. ఇంటి కింద కోడి దేన్నో గీరింది. ఆడబిడ్డ చేతులు నడుము చాప అంచులో పీచుని ఒక్కొక్క పోగే సరిచేస్తున్నాయి, చివరి పోగు అయ్యాక మళ్లీ మొదటినుంచి. అంత సేపు ఆ నోరు ఊరుకోవడం ముప్పై ఏళ్లలో చూడలేదు. సమాధిలోకే పోయింది, అనుకుంది పెలెనైసె. ఆ మాట చెప్పలేకే వదిన ఊరుకుంది. చర్చి గంట ఐదు కొట్టింది.

ఫుసిపాల ముఖం గోడవైపు తిప్పుకుంది. మాట్లాడినప్పుడు ఆ గొంతు చర్చిలో ప్రకటనలు చదివే గొంతు కాదు.

"అది ఆఫీసులో పెట్టి విన్నాను. ఇరవై ఏడో పాటలో, పందిపిల్ల అరిచాక, మా తమ్ముడు నవ్వుతాడు," అంది. "వాడి నవ్వు అలా ఉంటుందని నాకు తెలీదు, పెలెనైసె."