చేదగది సినిమా చెప్పిన మైకు

నేను ఒక మైకుని. ఇప్పుడు చూస్తే మీరు నమ్మరు. కాకినాడలో పాత ఇనప సామాన్ల కొట్టులో, రెక్కలూడిన ఫ్యానుకీ తలుపు లేని బీరువాకీ మధ్య ఇరుక్కుని పడి ఉన్నాను. నా మూతి మీది జల్లెడకి తుప్పు పట్టింది. మొన్న ఒకాయన నన్ను చేతిలోకి తీసుకుని "ఇదేంటండీ, షవరా?" అని అడిగాడు. కొట్టువాడు కూడా కాస్సేపు ఆలోచించి, "అలాంటిదేనండి" అన్నాడు.

మనుషులు నన్ను నోరు అనుకుంటారు. నిజానికి నేను చెవిని. వినడం ఒక్కటే నా పని. అరిచేది గోడకి తగిలించే స్పీకరు డబ్బా. బొంబాయి కార్ఖానాలో పుట్టి, మద్రాసు కొట్లో అద్దాల వెనక కూర్చుని, రేడియోలో సంగీత విద్వాంసుల ముందు నిలబడతానని కలలు కన్నాను. తీరా నన్ను కొన్నది ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి. "మనమంతా ఒక్కటే" అని పేటపేటకీ వెళ్ళి నాలోకి అరిచేవాడు. పేట దాటగానే కారాపించి చేతులు కడుక్కునేవాడు. ఆయన ఓడిపోయాక నన్ను ప్రసాదరాయుడు గారికి అమ్మేశాడు. మనుషుల మీద నా అభిప్రాయం అప్పటికే సగం తయారైపోయింది. మిగతా సగం నూకరాజు దగ్గర పూర్తయింది.

రాయుడు గారిది లలితా మహల్ అనే సినిమాహాలు. ముందు నేల, దాని వెనక బెంచీలు, వాటి వెనక కుర్చీలు, పైన బాల్కనీ. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, కాళ్ళే చెప్పేవి. ఆదివారం పొద్దుటి ఆట ఇంగ్లీషు సినిమా. ఓడరేవులో ఉద్యోగస్తులకీ కాలేజీ కుర్రాళ్ళకీ తప్ప ఆ భాష ఎవరికీ రాదు. అందుకని తెర పక్కన ఒక ముక్కాలి పీట వేసి, దాని ముందు నన్ను నిలబెట్టి, నూకరాజుని కూర్చోబెట్టారు. తెర మీద వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అతను తెలుగులో కథ చెప్పాలి. నూకరాజు తండ్రి వాల్‌పోస్టర్లు అంటించేవాడు. ఇతను ఆ పోస్టర్ల మీది అక్షరాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఎంత నేర్చుకున్నాడంటే, నేర్చుకున్నానని రాయుడు గారిని నమ్మించేటంత.

అప్పట్లో అమెరికా వాళ్ళు ఒకే రకం సినిమాలు కొల్లలుగా తీసేవారు. ఒకదాంట్లో కోటీశ్వరుడి కూతురు, కారు డ్రైవరు. ఇంకోదాంట్లో కంపెనీ యజమాని కొడుకు, టైపు కొట్టే పిల్ల. మొదట కీచులాడుకుంటారు, వానలో తడుస్తారు, ఆఖర్న పెద్దవాళ్ళు మనసు మార్చుకుని నవ్వేస్తారు. అంతే, లేనివాడికీ ఉన్నవాడికీ మధ్య గోడ పడిపోతుంది. ఆ గోడ అట్టముక్కతో చేసిందని చూసేవాళ్ళకి ఎవరు చెబుతారు? చెప్పే పని నూకరాజుది. అతనే అందరికంటే ముందు నమ్మేశాడు.

అలాంటి సినిమా ప్రింటు ఒకటి రాయుడు గారు మద్రాసులో పూర్తిగా కొనేశారు. వేరే బొమ్మ దొరకని ఆదివారమల్లా అదే వేసేవారు. అందులో ఒక షావుకారికి ఆకాశమంత ఎత్తు దుకాణం ఉంటుంది. ఆయన కూతురు డాలీ. ఆ దుకాణంలో లిఫ్టు నడిపే కుర్రాడి మీద మనసు పడుతుంది. నూకరాజు లిఫ్టుని ఎన్నడూ చూడలేదు. "అదిగోనండి, బావిలో చేద లాగా పైకీ కిందికీ పోయే గదండి అది. ఆ గదిలో నిలబడ్డవాడే మన కుర్రాడండి!" అన్నాడు మొదటి రోజే. అప్పటినుంచి ఊళ్ళో అది చేదగది సినిమా అయిపోయింది. సినిమా చివర పై అంతస్తులో డాలీకి నిశ్చితార్థం జరుగుతుంటుంది. పిల్ల ముఖం చూసి తండ్రికి జాలి పుడుతుంది. విందు మధ్యలో తనే వెళ్ళి చేదగది తలుపు తెరిచి పట్టుకుని, దిగిపొమ్మంటాడు. ఆ చోట నూకరాజు ముసలి తండ్రి గొంతు పెట్టి, "దిగిపో తల్లీ, దిగిపో. వాడు కింద ఉన్నాడు" అనేవాడు. నేల మీద జనం ఈలలు వేసేవారు. బాల్కనీలో రాయుడు గారు వెక్కివెక్కి ఏడ్చేవారు.

ఆయన పక్కన హైమ కూర్చునేది. తల్లి లేని పిల్ల, ఒక్కగానొక్క కూతురు. కాన్వెంటులో చదివింది కాబట్టి తెర మీది మాటలూ తెలిసేవి, నూకరాజు మాటలూ తెలిసేవి. ఆట అయ్యాక అతను నన్ను తుడిచి ఆఫీసు గదిలో అలమరలో పెట్టేవాడు. రాయుడు గారు వరండాలో స్నేహితులతో కబుర్లలో పడేవారు. ఒకరోజు ఆ పిల్ల బాల్కనీ మెట్లు దిగి నేరుగా ఆఫీసు గదికి వచ్చింది.

"నూకరాజూ, హోటలు సీన్లో డాలీ అన్నది ఆకలేస్తోంది అని కాదు."

"మరేవందండీ?"

"నీతో ఉంటే ఆకలి తెలియట్లేదు అంది."

నూకరాజు తల గోక్కున్నాడు. "ఆకలన్న ముక్క వరకూ దొరికిందండి. మిగతాది మనసులోంచి వచ్చేసిందండి."

హైమ పకపకా నవ్వింది. ఆ తర్వాత ఆ సినిమా పడ్డప్పుడు నూకరాజు ఆ మాట ఆమె చెప్పినట్టే చెప్పాడు. చెబుతుంటే అతని ఊపిరి మారింది. అందరికంటే దగ్గర్నుంచి వినేదాన్ని నేనే కదా, నాకు తెలిసిపోయింది. అప్పటినుంచి సినిమా చెప్పడం వంకగా మారింది. తెర మీద లిఫ్టు కుర్రాడు డాలీతో ఏదో అంటాడు. నూకరాజు నాలోకి ఇంకేదో అంటాడు. అది బెంచీల మీదుగా, కుర్చీల మీదుగా బాల్కనీకి పోతుంది. నిండు హాల్లో అందరూ విన్నారు. ఒక్కరికే అర్థమైంది.

నాకు వాళ్ళిద్దరూ ముద్దొచ్చారు, దాచుకోను. అయితే ఒక సంగతి మొదటినుంచీ నన్ను కలుక్కుమని పొడిచేది. తెర మీద డాలీని పేరు పెట్టి పిలిచే నూకరాజు, ఆఫీసు గదిలో హైమని అమ్మాయిగారూ అనేవాడు.

"ఆ అండీ మానవా?" అని ఒకసారి ఆమె కోప్పడింది.

"మానేస్తానండి" అన్నాడు.

ఆమె నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇక వాళ్ళు చేసిన తప్పు చెబుతాను. సినిమాహాల్లో పుట్టి పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ అలాంటి తప్పు చెయ్యరు. ఆ సినిమా పడ్డప్పుడల్లా రాయుడు గారు అదే చోట ఏడుస్తారు. కూతురి కోసం చేదగది తలుపు తెరిచిన తండ్రిని చూసి చప్పట్లు కొడతారు. అలా ఏడ్చేవాడి గుండె మెత్తన కాకపోతే ఇంకెవరిది మెత్తన అనుకున్నారు ఇద్దరూ. లేచిపోదామని గానీ దాచిపెడదామని గానీ వాళ్ళకి తోచనే లేదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నప్పుడే చెప్పెయ్యాలని హైమ నిశ్చయించుకుంది.

ఆ ఆదివారం రాయుడు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వచ్చారు. నూకరాజు నన్ను గుండెకి హత్తుకుని మూల నిలబడ్డాడు. అతని గుండె కొట్టుకోవడం నా ఒళ్ళంతా తెలుస్తోంది.

"ఆ తండ్రి మంచివాడు కదూ నాన్నా?" అంది హైమ.

"బంగారంలాంటి మనిషమ్మా."

"మీరూ అంతేగా. నేను నూకరాజుని చేసుకుంటాను నాన్నా."

రాయుడు గారు కళ్ళజోడు తుడవడం ఆపలేదు. తుడిచి, వెలుతురుకి పెట్టి చూసుకుని, పెట్టుకున్నారు. "అది తెరమ్మా" అన్నారు నెమ్మదిగా. "తెర మీద వానొస్తే మనం తడవం." తర్వాత మూలకి తిరిగి, "మైకు జాగ్రత్తగా పెట్టెయ్యరా" అన్నారు.

"పెడతానండి" అన్నాడు నూకరాజు.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు, పనిలోంచి తియ్యలేదు. తీస్తే ఎందుకు తీశారని ఊరు అడుగుతుంది. నెల తిరక్కుండా రాజమండ్రి కలప వ్యాపారుల ఇంట్లో సంబంధం ఖాయం చేశారు. హైమ అన్నం మానేసింది, మాట మానేసింది. రాయుడు గారు ఓపిగ్గా పక్కన కూర్చుని తల నిమిరేవారట. పెళ్ళికి ముందురోజు మగపెళ్ళివారు కాకినాడలో దిగారు. పెళ్ళికొడుకు సరదా పడ్డాడు: మామగారి హాల్లో చేదగది సినిమా అని ఒకటుందిటగా, తెలుగులో చెబుతారుటగా, మాకూ వెయ్యండి అన్నాడు. వియ్యాలవారి ముచ్చట కాదనడానికి లేదు. పొద్దుటి ఆటకి విడిది మొత్తం హాలుకి వచ్చింది.

జనం వచ్చే లోపల, హాలు చూసి వస్తానని హైమ ముందుగా వచ్చింది. తెర పక్కన నిలబడి గబగబా చెప్పింది. "బాల్కనీలో చివరి కుర్చీ నాది. పక్కనే మెట్ల తలుపు. ఎన్నోసార్లు వెళ్ళిపోదామనుకున్నాను, కాళ్ళు కదల్లేదు. నువ్వు దిగిపో అని చెప్పు నూకరాజూ. ఎప్పుడూ చెప్పేదేగా. నీ నోటంట ఆ మాట వింటే లేచి వచ్చేస్తాను. నువ్వు పీట మీంచి లేచి వీధి గుమ్మం దగ్గరికి వచ్చెయ్యి. చెబుతావా?"

"చెబుతానండి" అన్నాడు. ఆ గొంతులో వణుకు లేదు. నేను కూడా నమ్మాను.

ఆమె వెళ్ళింది. జనం నిండుతుండగా రాయుడు గారు వచ్చారు. బెదిరిస్తారనుకున్నాను. నూకరాజు కూడా అదే అనుకుని మెడ బిగించాడు. ఆయన తన భుజం మీది పట్టు కండువా తీసి అతని మెడలో వేశారు. వీపు మీద చెయ్యి వేశారు. "నీ నోట్లో సరస్వతి ఉందిరా. రేపు పందిట్లో మగపెళ్ళివారి వడ్డన దగ్గర నువ్వే నిలబడాలి. నా అనేవాడు నాకింకెవరున్నారు, నువ్వు మా ఇంటి మనిషివి" అన్నారు. ఆయన గొంతు నిజంగానే గద్గదమైంది. ఆ ఇంటివాళ్ళ చెయ్యి ఒంటి మీద పడడం నూకరాజుకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కర్రకి లొంగని మనిషి కండువాకి లొంగిపోయాడు. అతని ఊపిరి నా మూతి మీద చల్లబడడం నాకు తెలిసింది. నాకు కాళ్ళుంటే అప్పుడే ఆ పీట తన్నేసి ఉండేదాన్ని.

సినిమా మొదలైంది. నూకరాజు అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. మగపెళ్ళివారు విరగబడి నవ్వారు. చివరి ఘట్టం వచ్చింది. విందు, పువ్వులు, డాలీ తెల్లబోయిన ముఖం. తండ్రి లేచాడు. చేదగది తలుపు తెరిచి పట్టుకుని ఇంగ్లీషులో కూతుర్ని దిగిపొమ్మన్నాడు. నూకరాజు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో బాల్కనీలో ఒక కుర్చీ కిర్రుమన్నది. లేచింది! నాకు స్పష్టంగా వినపడింది.

"చెప్పవయ్యా!" అన్నారెవరో కింద నుంచి.

నూకరాజు కండువా సవరించుకున్నాడు. ముసలి తండ్రి గొంతు పెట్టాడు. "పైనే ఉండు తల్లీ" అన్నాడు. "పెద్దింటి పిల్లవి, కింద నీకేం పని? తలుపు మూసేస్తున్నాను."

తెర మీద డాలీ పరుగెత్తుకుంటూ చేదగదిలోకి పోతోంది. నూకరాజు తడుముకోకుండా, "చూడండి, పెళ్ళివారికి ఎదురెళ్ళడానికి ఎలా పరిగెడుతోందో!" అన్నాడు. మగపెళ్ళివారు చప్పట్లు కొట్టారు. రాయుడు గారు ఏడుస్తూ అందరికంటే గట్టిగా కొట్టారు. హాల్లో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు, కానీ పెళ్ళివేళ ఎవరు నోరు విప్పుతారు? హైమకి ఇంగ్లీషు తెలుసు. ఆ పరాయి తండ్రి దిగిపొమ్మన్నది ఆమె చెవిన పడింది. పడి ఏం లాభం, ఆమె అడిగింది ఆ గొంతుని కాదు. అన్ని చప్పట్ల మధ్యా బాల్కనీలో కుర్చీ మళ్ళీ కిర్రుమన్నది.

మర్నాడు పెళ్ళయింది. నూకరాజు మగపెళ్ళివారి వడ్డన దగ్గర నిలబడ్డాడు. హైమ విస్తరి ముందుకి కూడా వెళ్ళాడట. ఆమె తలెత్తకుండా చాలు అందిట. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆమె కారు మా హాలు ముందు నుంచే పోయేది, ఎన్నడూ ఆగలేదు. ఆ సినిమా మళ్ళీ వెయ్యలేదు. నూకరాజు వేరే సినిమాలు చెప్పాడు, కత్తియుద్ధాలవీ దెయ్యాలవీ. ప్రేమ కథ వస్తే గొంతు బాగాలేదనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ పట్టు కండువాని మళ్ళీ మెడలో వెయ్యలేదు, పారెయ్యనూ లేదు. ఏళ్ళ తరబడి నన్ను దాంతోనే తుడిచాడు. నాకు ఆ మనిషి మీద కోపం వచ్చేది, వెనకాలే ఏడుపు వచ్చేది.

ఇంగ్లీషు ఆటలు ఆగిపోయాయి. రాయుడు గారు పోయారు. హాలు గోడౌనుకి అమ్మేశారు. సామాను తీసుకుపోయే రోజున, తల నెరిసిన నూకరాజు అలమర తాళం తెచ్చాడు. నన్ను బయటికి తీసి, ముక్కాలి పీట వెతికి తెచ్చి, తెర ఉండే చోటు పక్కన వేసుకుని కూర్చున్నాడు. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి, హాలంతా ఎండ. అతను నా మూతి దగ్గరికి వంగాడు.

"దిగిపో" అన్నాడు. ఆగాడు. "దిగి వచ్చెయ్యి హైమా."

అండీ లేదు. జన్మకి ఒక్కసారి. పెదవి దాటితే పృథివి దాటుతుంది అంటారు. నా తీగ ఎప్పుడో తెగిపోయింది, డబ్బా గోడ మీంచి ఊడిపోయింది. ఆ మాట నా దాకా వచ్చి ఆగిపోయింది, ఇప్పటికీ నాలోనే ఉంది. నూకరాజు తలెత్తి బాల్కనీ వైపు చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. కుర్చీలన్నీ అప్పటికే బండికి ఎత్తేశారు.